పన్నెండో గుంత కబ్జాదారు

నా చిన్నప్పుడు మా మగ్గాల కార్ఖానాలో పన్నెండు గుంతలు ఉండేవి. మనుషులు పదకొండింటిలోనే కూర్చునేవారు.

గుంత మగ్గం చూడనివాళ్లు ఇప్పుడు ఎక్కువ కాబట్టి ఒక మాట చెప్పాలి. నేసేవాడు నేలమీదే కూర్చుని, కాళ్లు రెండూ మోకాలి లోతు గుంతలోకి దించుతాడు. గుంత అడుగున రెండు తొక్కుడు కర్రలు ఉంటాయి. ఒకటి తొక్కితే ఎదురుగా వేలాడే, పడుగు దారాలు ఎక్కించిన అచ్చుల్లో ఒకటి కిందికి దిగుతుంది, రెండోది పైకి లేస్తుంది. ఆ సందులోంచి పేక నూలు తీసుకుని నాడె పోతుంది. చూసేవాళ్లకు మనిషి నడుము వరకే కనబడతాడు. కింద కాళ్లు ఏం చేస్తున్నాయో ఆ గుంతలోని చీకటికే తెలియాలి.

మా కార్ఖానా సూరత్‌కు దక్షిణాన భేస్తాన్‌లో ఉండేది. అప్పట్లో అక్కడ ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యేవి. వెనకాల వాగు. ఇక్కడివాళ్లు దాన్ని ఖాడీ అంటారు. దాని ఒడ్డంతా తుంగా తుమ్మపొదలూ. మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఆ నేల కొన్నాడు. అక్కడ ఊళ్లో మాకు భూములుండేవి, పోయాయి. ఎట్లా పోయాయో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అడగకపోవడం మా ఇంటి మర్యాద. ఆయన వెనకే వచ్చిన నేతకుటుంబాలు మా నేల మీదే, కార్ఖానా పక్కన వరుస ఇళ్లలో ఉండేవి. అందరూ ఆయన్ని "ఆసామీ" అని పిలిచేవారు. ఆ పిలుపు వినబడితే నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

పన్నెండో మగ్గం కార్ఖానా చివర, ఖాడీ వైపు గోడను ఆనుకుని ఉండేది. దాని మీద ఎవరో నాలుగు మూరలు నేసి వదిలేసిన బట్ట అట్లాగే బిగిసి ఉండేది. ఎర్ర అంచు దుమ్ము పట్టి మన్ను రంగుకు తిరిగింది. దసరాకు మగ్గాలన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసినప్పుడు, మా తాత పన్నెండోదాని దగ్గర కాసేపు ఊరికే నిలబడేవాడు. తర్వాత ఒక కొబ్బరిచిప్ప గుంత అంచున పెట్టి వచ్చేవాడు. మర్నాటికి అది ఉండేది కాదు. అందులో ఎవరుంటారని నేనడిగితే "కబ్జాదారు" అనేవాడు.

ఆయన చదువు నిజాం కాలపు ఉర్దూ చదువు. భూమి కాగితంలో రెండు గడులుంటాయనీ, ఒకదాంట్లో పట్టాదారు పేరు, రెండోదాంట్లో కబ్జాదారు పేరు రాస్తారనీ తరచూ చెప్పేవాడు. పట్టా ఎవరిదో కాగితం చెబుతుంది, కబ్జా ఎవరిదో నేల చెబుతుంది. నాకు ఎనిమిదేళ్లు, ఇదంతా ఎక్కే వయసు కాదు. కబ్జాదారంటే ఒక మనిషి పేరనుకున్నాను. పాలు పోసే గుజరాతీ అవ్వతో మా గుంతలో కబ్జో ఉందని చెబితే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె మాటలో కబ్జో అంటే రవిక కూడా. "గుంతలో రవిక దొరికిందా, ఎవరిదే?" అని రోజూ పాలు పోస్తూ అడిగేది. ఆమెకు నవ్వులాట. నాకు మాత్రం ఆ గుంతలో నడుము పైన ఏమీ లేని మనిషి, వట్టి కాళ్లే ఉన్న మనిషి కూర్చుని ఉన్నట్టు తోచేది. మధ్యాహ్నం అందరూ తిండికి లేచిపోయినప్పుడు నేను అటువైపు చూసేదాన్ని కాదు.

ఆ ఏడు వానలతో పాటు ఫ్లూ జ్వరం వచ్చింది. దేశమంతా వచ్చిందన్నారు. ఓడ దిగి వచ్చిందన్నారు. మా వరుస ఇళ్లలోకి మాత్రం అది మెల్లగా, తలుపు తలుపుకూ పిలుపు చెప్పినట్టు వచ్చింది. ముందు ఏడో మగ్గం ఆగింది. తర్వాత రెండోది, మూడోది. వారం తిరిగేసరికి పదకొండూ ఆగాయి. మా తాత కార్ఖానాకు తాళం వేసి, తాళంచెవి తన మంచం పక్క మేకుకు తగిలించాడు.

మగ్గాల చప్పుడులో పుట్టిన పిల్లను నేను. ఆ చప్పుడు ఆగితే ఇల్లు ఊపిరి బిగబట్టినట్టయింది. వాన కురిసేది, దగ్గులు వినబడేవి, మళ్లీ వాన. అట్లా ఉన్న మూడో రోజు పగటిపూట, తాళం వేసిన కార్ఖానాలోంచి కర్ర కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. నాడె కొట్టిన చప్పుడు లేదు. అచ్చులు దిగి లేస్తున్న చప్పుడు ఒక్కటే. ఎవరో నేత మరిచిపోయి, తొక్కడం మాత్రం గుర్తున్నట్టు.

మంచాల మీద పడి ఉన్నవాళ్లంతా విన్నారు. నేతగాళ్ల చెవులు కాబట్టి అది ఏ మగ్గమో కూడా చెప్పగలిగారు. ఆ సాయంత్రమే మూడో మగ్గం ముసలాయన పోయాడు. మర్నాడు మళ్లీ కిర్రుమంది. ఇంకొకరిని పిలుస్తోందన్నారు.

నలుగురు, నిలబడే ఓపిక ఉన్నవాళ్లు, మా వాకిట్లోకి వచ్చారు. తువాళ్లు ముక్కులకు చుట్టుకుని ఉన్నారు.

"ఆసామీ, ఆ గుంత పూడిపిద్దాం. రెండు బండ్ల మన్ను సాలు."

"అది నా చేతిల లేదు," అన్నాడు మా తాత.

"నీ జాగనే గదా?"

"జాగ నాదే. గుంత నాది కాదు."

అందులో ఒకాయనకు నోటి దురుసు ఎక్కువ. దగ్గు ఆపుకుంటూ, "గుంతలున్నోనికి ఏమన్న కాగితం రాసిచ్చినవా ఏంది?" అన్నాడు.

మా తాత నలుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. "మీకు రాసిచ్చిన్నా?" అన్నాడు.

వాళ్లంతా ఏ కాగితమూ లేకుండా మా నేల మీద ఉంటున్నవాళ్లే. తలలు వంచుకుని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన గెలిచాడనుకుని నేను పొంగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది గెలుపు మాట కాదు. ఆయన వాళ్లనూ ఆ గుంతలోని దాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టాడు.

మా పక్కింటి అక్క ఆ నలుగురితో రాలేదు. పదకొండో మగ్గం ఆమె భర్తది. పన్నెండో గుంతకు అందరికన్నా దగ్గర కూర్చునేది ఆయనే. ఇప్పుడు జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. ముసలాయన తర్వాత పిలుపు ఈయనకేనని వరుస ఇళ్లన్నీ గుసగుసలాడుతున్నాయి. ఆ గుసగుసలు అక్క చెవిలో కూడా పడ్డాయి. తల్లీ తండ్రీ లేని నాకు రోజూ తల దువ్వి జడ వేసేది ఆమే. ఆ రోజు జడ వేస్తూ, చెవి దగ్గర నోరు పెట్టి, "జర తాళంచెవి తే బిడ్డా. తాత పండుకున్నప్పుడు," అంది.

తెచ్చాను. ఎందుకని అడగలేదు. ఇంట్లో నేర్చుకున్న మర్యాదను అక్కడ వాడాను. ఆ ఇంటి పేరు మోయాల్సిన దాన్ని నేనే, ఆ ఇంటి తాళంచెవి చేజార్చిందీ నేనే.

మధ్యాహ్నం. పెంకుల మీద వాన. అక్క కుండ ఎత్తుకుని వచ్చింది. అది పడుగుకు పెట్టే గంజి, పొంగు ఇంకా తగ్గలేదు, ఆవిరికి ఆమె మొహం కనిపించడం లేదు. నేతగాళ్ల ఇంట్లో కత్తి లేకపోవచ్చు గాని గంజి ఉంటుంది. కాగే గంజి అంటుకుంటే నీళ్లలా జారిపోదు. అది అప్పటికి నాకూ తెలుసు.

తలుపు తీస్తే చెమ్మ పట్టిన నూలు వాసన. పదకొండు మగ్గాల మీద తెల్లటి పడుగులు, మనుషులు లేచిపోయిన పక్కల్లా పరిచి ఉన్నాయి. మేమిద్దరం వాటి మధ్య నుంచి నడిచాం. చివరికి వచ్చేసరికి పన్నెండో మగ్గం అచ్చు మా కళ్ల ముందే కిందికి దిగింది. ఆగింది. దాని జత పైకి లేచి, వణుకుతూ నిలబడింది. బట్ట మీది దుమ్ము సన్నగా రాలింది. మగ్గం ముందు ఎవరూ లేరు.

అక్క కాళ్లు ఆగిపోయాయి. తర్వాత పళ్లు బిగించి కుండ ఎత్తింది.

"అక్కా వద్దే! ఆయన కాళ్లు కాలుతయే!" అని అరిచాను.

"ఎవరియే?" అంది అక్క. ఆ గొంతు ఆమెది కాదు.

వెనకాల మా తాత దగ్గాడు. తాళం తీసిన చప్పుడుకు లేచి వచ్చినట్టున్నాడు. మామూలు నడకతో మా పక్క నుంచి వెళ్లి, తలపాగా తీసి బట్ట మీద పెట్టి, పన్నెండో మగ్గం ముందు కూర్చున్నాడు. మెల్లగా కాళ్లు రెండూ గుంతలోకి దించాడు. నేను చూస్తుండగా ఆయన నడుము కింద లేకుండా పోయాడు.

"ఇప్పుడు పొయ్యి బిడ్డా," అన్నాడు.

"లే ఆసామీ! నా మొగడు సస్తున్నడు. నీకు ఆ గుంతల పిశాచి ముద్దొస్తున్నదా?"

"కబ్జాదారు కాళ్లు కాల్తే పట్టాదారు కాళ్లు సుత కాలాలె. గట్లయితేనే అది పట్టా. లేకుంటే ఉత్త కాగితం." కాస్త ఆగి, మెత్తగా అన్నాడు. "నీ మొగడు సుత నా జాగల ఉన్నోడే. వానికీ నేనే జవాబు. పొయ్యి, లేకుంటే దించు."

అక్క చేతుల్లో కుండ పక్కకు ఒరిగి, గంజి ఒలికి ఆమె పాదం మీదే పడింది. ఆమె అరవలేదు. కుండ దించి, అక్కడే కూలబడి ఏడ్చింది. మా తాత చెయ్యి చాచి కుండను తనవైపు లాక్కుని, వాసన చూశాడు.

"ఉప్పు ఏసినవా?"

"దీంట్ల ఉప్పెందుకేస్తరు?" అంది అక్క ఏడుపు మధ్యలో.

"మనిషి తాగెటందుకు. గంజి గుంతల పోసేది కాదు. పో, ఉప్పు తే, వానికి నేను తాగిపిస్త."

ఆమె వెళ్లింది. ఆయన లేవలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు. కాళ్లు దించమన్నాడు. నా జీవితంలో అంత భయం మళ్లీ ఎరగను. ఆసామి మనవరాలిని కాబట్టి దించాను. గుంత లోపల చల్లగా, తడి మట్టి వాసనతో, దానికింద ఇంకేదో వాసనతో ఉంది. తగరం పెట్టెలో దాచిన కస్తూరి లాంటి ఘాటు వాసన. ఏమీ జరగలేదు. ఆ తర్వాత నా ఎడమ పాదం మీద వెచ్చగా ఊపిరి తగిలింది. ఒకసారి. ఇంకోసారి. ఎవరో నన్ను చదువుతున్నట్టు.

"చూసినవా?" అన్నాడు తాత.

"చూళ్లే."

"చూసే అవసరం లేదు. ఉన్నదని తెలిస్తే సాలు."

అయినా ఆ సాయంకాలం తలుపు సందులోంచి చూపించాడు. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. గోడ కింద పందికొక్కు తవ్వినంత సందులోంచి ఒక బూడిద రంగు జంతువు బయటికి వచ్చింది. పిల్లి కాదు, ముంగిస కాదు. ఒంటి మీద వరుసలు కట్టిన నల్ల చుక్కలు, తోక చుట్టూ పట్టీలు, కోసుదేరిన మూతి. పునుగుపిల్లి. వెనకాల మూడు పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు. పగలంతా ఆ పిల్లలే తొక్కుడు కర్రల మీద ఎక్కి దిగి ఆడుకునేవి. ఏటా ఖాడీ పొంగి ఒడ్డున బొరియలు మునిగినప్పుడు తల్లి ఈ పొడి గుంతకు వచ్చి ఈనేదట. ఏటా ఈ చప్పుడు ఉండేదట. పదకొండు మగ్గాల మోతలో మేము వినలేదు, అంతే. ఆ ఏడు జ్వరం వచ్చి మా నోళ్లు మూయించాక వినబడింది.

మొదటిసారి దాన్ని చూసింది మా తాతే. కాళ్ల కింద పిల్లలు కదిలితే, నేస్తున్న మగ్గం మీది నుంచి లేచిపోయి మళ్లీ కూర్చోలేదు. ఆ నాలుగు మూరల బట్ట ఆయనది.

అక్క భర్త బతికాడు. మా తాత రోజుకు రెండుసార్లు గంజి పట్టుకుని అతని దగ్గరకే కాదు, ప్రతి తలుపులోకీ వెళ్లాడు. తలలు ఎత్తి పట్టుకుని తాగించాడు. ఎనిమిదో నాడు ఆయనకు జ్వరం తగిలింది, పన్నెండో నాడు పోయాడు. చివరి రెండు రోజులు నన్ను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. గుమ్మం అవతల నుంచే, "గుంత పైలం బిడ్డా," అన్నాడు. ఆ జాగ్రత్తకు మించి ఏమీ అప్పగించలేదు.

గుంతలో కాళ్లు పెట్టాడు కాబట్టి గుంత తీసుకుందని వరుస ఇళ్లన్నీ అన్నాయి. ఏ తలుపులో ఆయనకు జ్వరం అంటిందో నాకు తెలుసు, అక్కకూ తెలుసు. మేమిద్దరం ఎవరితోనూ వాదించలేదు. పాదం మీద కాలిన మచ్చతో అక్క ఏటా దసరాకు గుంత అంచున కొబ్బరిచిప్ప పెట్టేది. ఆమె ఉన్నన్నాళ్లూ పెట్టింది.

ఆ తర్వాత మా ఇల్లు ఎట్లా పడిపోయిందో చెప్పను. అడగవద్దు. మరమగ్గాలు వచ్చాయి, వాటాలు వచ్చాయి. చెక్కమగ్గాలు పదకొండూ పొయ్యిలోకి పోయాయి. నేల ముక్కముక్కగా పరాయి చేతుల్లోకి పోయింది. సూరత్‌లోని వరాఛా నుంచి వచ్చిన కొనేవాళ్లు ఆ చివరి మూలను మాత్రం ముట్టుకోలేదు. మనుషుల్ని పిలిచే గుంత ఉందని ఎవరో వాళ్లకు చెప్పారు. ఎవరు చెప్పారో నేను చెప్పను. మా తాతను చంపిందని నింద మోసిన గుంత, ఆ నిందతోనే ఆ మూలను కాపాడింది. ఇవాళ నాకు మిగిలింది పగిలిన పెంకుల కింద ఆ గోడ, ఆ గుంత, దాని మీద విరిగిన మగ్గం, పక్కన ఒక గది. పట్టాదారుల వాటాలన్నీ పోయాయి. కబ్జాదారు వాటా మిగిలింది. నేనిప్పుడు దాని వాటాలో ఉంటున్నాను.

కరోనా ఏడు చుట్టుపక్కల మరమగ్గాలన్నీ ఒక్కరోజే ఆగాయి. రేషను వరుసలో నేనూ నిలబడ్డాను, నిటారుగానే నిలబడ్డాను. రైళ్లు లేక, మా కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికొచ్చిన కుర్రాళ్లు కొందరు గదుల్లో చిక్కుకుపోయారు. ఖాడీ ఇప్పుడు రంగునీళ్ల కాలువ, దాని ఒడ్డున తుంగ లేదు. ఏదీ మిగల్లేదనుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం, పగిలిన పెంకుల కింద కర్ర కిర్రుమంది.

నా చెవులనుకున్నాను. కాదు. ఆ కుర్రాళ్లు కూడా విన్నారు. మర్నాడు ముగ్గురు, ముక్కులకు దస్తీలు కట్టుకుని, మిల్లు చిందీ గుడ్డపీలికల మూట పట్టుకుని వచ్చారు.

"అమ్మా, అండ్ల ఏదో జానవర్ ఉన్నది. ఈ బీమారీ జానవర్ల నుంచే వచ్చిందంటున్నరు. పొగ పెడ్తం, దస్ మినిట్ల కామ్," అన్నాడు ఒకడు. చెడ్డ పిల్లవాడు కాదు. భయపడ్డ పిల్లవాడు. వాళ్ల గదిలో ఒకడికి రెండు రోజులుగా జ్వరం.

"ఆగుండ్రి," అన్నాను. గోడ పట్టుకుని, మోకాళ్లు తిట్టుకుంటూ, మా తాత కూర్చున్న చోట కూర్చున్నాను. కాళ్లు దించాను. "ఇప్పుడు పెట్టుండ్రి పొగ."

"అయ్యో, లే అమ్మా. నడుం పట్టుకుంటది."

"నా నడుం సంగతి నీకెందుకు? అది వంగేది కాదు."

వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముసల్దానికి మతి పోయిందని వాళ్ల కళ్లు అన్నాయి, నోళ్లు అనలేదు. మూట దించారు. జ్వరం వచ్చినవాడికి గంజి కాచి ఇస్తాను, వచ్చి పట్టుకుపొమ్మన్నాను. ఉప్పు మరిచిపోవద్దని నాకు నేనే చెప్పుకున్నాను.

వాళ్లు వెళ్లాక చాలాసేపు లేవలేకపోయాను. గుంతలో మిగిలిన తొక్కుడు కర్ర ఒక్కటే. నా ఎడమ పాదం దాని మీద ఉంది. నేను తొక్కలేదు. ఈ వయసులో ఆ కాలికి అంత బలమూ లేదు. నా పాదంతో సహా అది మెల్లగా కిందికి దిగింది, ఆగింది, మళ్లీ పైకి వచ్చింది.

వంగి చూడలేదు. చూసే అవసరం లేదని నాకు ఎనిమిదేళ్లప్పుడే చెప్పి వెళ్లాడు మా తాత. ఆ వెచ్చని ఊపిరి ఇప్పటికీ నా ఎడమ పాదం మీదే ఉంది. నా పేరున ఉన్న భూమి అంటే నాకు తెలిసింది అంతే.